సిగ్నల్ లేని ఊళ్లో సైకిల్

ఆదివారం పొద్దున ఆరింటికి నార్సింగి దగ్గర అవుటర్ రింగ్ రోడ్డు పక్కన కాసేపు నిలబడితే హైదరాబాద్‌లోని రెండు రకాల సైకిళ్లూ కనిపిస్తాయి.

మొదటి రకం కారెక్కి వస్తుంది. డిక్కీకి బిగించిన స్టాండు మీంచి దాన్ని జాగ్రత్తగా దించుతారు. టైర్లు నొక్కి గాలి చూస్తారు, హెల్మెట్ పట్టీ బిగిస్తారు, మణికట్టు మీద వాచీలో ఏదో నొక్కుతారు. నెత్తిన సోలార్ పలకల కప్పు, కింద నున్నటి దారి. సాగిపోతారు.

రెండో రకం పక్కనున్న సర్వీసు రోడ్డు మీద ఎదురొస్తుంది. ఎదురంటే అక్షరాలా ఎదురే, రాంగ్ సైడులో. క్యారియర్ మీద పాత ట్యూబు ముక్కతో కట్టిన టిఫిన్ డబ్బా, హ్యాండిల్‌కి గుడ్డ సంచీ, ఒంటి మీద సెక్యూరిటీ యూనిఫాం. రాత్రి డ్యూటీ దిగి గదికి పోతున్నాడు. వాచీ నొక్కే తీరికా లేదు, అవసరమూ లేదు. ఎన్ని కిలోమీటర్లో కాళ్లకు తెలుసు.

ఈ ఇద్దరికీ మధ్య దూరం ఇరవై అడుగులుంటుందేమో. నగరంలో రోడ్లెవరికి, ముందు ఎవరికి అని జరిగే చర్చంతా ఆ ఇరవై అడుగుల్లోనే ఇరుక్కుంది.

కప్పున్న దారి సంగతి ముందు చెప్పుకుందాం. 2022 సెప్టెంబరులో శంకుస్థాపన, 2023 అక్టోబరు 1న ప్రారంభం. నానక్‌రాంగూడ నుంచి పోలీసు అకాడమీ దాకా 8.5 కిలోమీటర్లు, నార్సింగి నుంచి కొల్లూరు దాకా 14.5, మొత్తం 23. వెడల్పు నాలుగున్నర మీటర్లు. పైనున్న పలకల సామర్థ్యం 16 మెగావాట్లు. దక్షిణ కొరియాలో డేజాన్, సెజాంగ్ నగరాల మధ్య హైవే వెంట ఉన్న సోలార్ కప్పు ట్రాక్ దీనికి స్ఫూర్తి. నాకు దీని మీద కోపమేమీ లేదు. రెండుసార్లు తొక్కాను, ప్రాణానికి హాయిగా ఉంది. పదేళ్ల పిల్లను భయం లేకుండా వదిలిపెట్టే రోడ్డు ఈ ఊళ్లో ఇంకోటి ఎవరైనా చూపిస్తే సంతోషిస్తాను. పైగా సైకిళ్లు రాకపోయినా కరెంటు వస్తుంది, పెట్టిన డబ్బు పూర్తిగా గాలికి పోదు.

చిక్కల్లా దాని మీదికి చేరుకోవడంలోనే. అక్కడికి పోవాలంటే ముందు అవుటర్ చుట్టూ ఉన్న రోడ్లూ రోటరీలూ దాటాలి. ఆ దాటడం భయం కాబట్టే సైకిల్‌ని కారు మీద తెస్తున్నారు. ఆ దారికి ప్రభుత్వం పెట్టిన పేరు కూడా ‘హెల్త్‌వే’. పేరులోనే నిజాయితీ ఉంది: అది ఆరోగ్యానికి, ప్రయాణానికి కాదు. టిఫిన్ డబ్బా కట్టుకుని పోయే మనిషికి వ్యాయామం తక్కువై బాధపడిన రోజు లేదు.

సైకిలెవరు తొక్కుతున్నారు?

సైకిల్ దారుల మాటెత్తగానే ముందుగా ఎదురయ్యే ప్రశ్న ఇదే. అడిగేవాళ్లు నిజంగానే అమాయకంగా అడుగుతారు. మన రెండు రాష్ట్రాల్లో సైకిలంటే చాలామందికి ముందు గుర్తొచ్చేది ఎన్నికల గుర్తు. ఆ తర్వాత నాన్న సైకిల్, గంటకింత అని అద్దెకు తెచ్చుకుని కడ్డీ కింద నుంచి కాలు దూర్చి తొక్కిన వేసవి సెలవులు. అంటే జ్ఞాపకం. పెళ్లిలో అల్లుడికి సైకిలూ వాచీ రేడియో పెట్టిన కాలం ఒకటుంది. దీపం లేకుండా తొక్కినా, వెనక ఒకణ్ని ఎక్కించుకున్నా పోలీసు ఆపి జరిమానా రాసిన కాలమూ ఉంది. ఇప్పుడు అడ్డంగా పోయినా పోలీసు తలెత్తి చూడడు. అది దయ అనుకునేవాణ్ని. కంటికి ఆనకపోవడమని ఈమధ్యే అర్థమైంది.

2011 జనాభా లెక్కల్లో ఒక ప్రశ్న అడిగారు: పనికి ఎలా వెళ్తారు? వ్యవసాయం, ఇంటి పట్టున చేసే పనులు మినహాయించి మిగతా పనుల్లో ఉన్నవాళ్లను అడిగిన ప్రశ్న అది. నడిచి వెళ్తామన్నవాళ్లు 22.6 శాతం. సైకిల్ మీద అన్నవాళ్లు 13.1 శాతం. మోటారు సైకిల్, స్కూటర్, మోపెడ్ కలిపి 12.7. బస్సు 11.4. కారు, జీపు, వ్యాను 2.7. పల్లెలూ పట్నాలూ కలిపిన దేశం లెక్క ఇది, ఒక్క హైదరాబాద్‌ది కాదు. పైగా ఇన్నేళ్లలో బైకులు పెరిగాయి, సైకిళ్లు తగ్గాయి. అట్లాస్ సైకిళ్ల కంపెనీ సాహిబాబాద్ ఫ్యాక్టరీ 2020 జూన్ 3న మూతపడింది. ఆ రోజు ప్రపంచ సైకిల్ దినోత్సవం కావడం ఎవరూ కావాలని చేసింది కాదనే అనుకుంటాను. ఇవన్నీ ఒప్పుకున్నా, కారులో పనికి పోయేవాడొకడుంటే సైకిల్ మీద పోయేవాళ్లు దాదాపు అయిదుగురున్న దేశం మనది అన్నది ఆ లెక్క. 2021 జనాభా లెక్కలు జరగలేదు కాబట్టి ఇప్పటికీ చేతిలో ఉన్న పెద్ద లెక్క ఇదొక్కటే.

వాళ్లెక్కడ? తెల్లవారుజామున నాలుగున్నర, అయిదింటికి లేచి చూడండి. పేపర్ వేసే కుర్రాళ్లు, పాల ప్యాకెట్లు, అపార్ట్‌మెంట్లలో కార్లు కడిగేవాళ్లు, వెనక ఫ్లాస్కు కట్టుకుని సైట్ల చుట్టూ తిరిగే టీ మనిషి, ఒడిశా నుంచో బిహార్ నుంచో వచ్చి రేకుల షెడ్లలో ఉండే మేస్త్రీలు. తొమ్మిదింటికల్లా వాళ్లు రోడ్డు మీద ఉండరు. మనం కిటికీ అద్దం ఎక్కించుకుని బయల్దేరేది తొమ్మిదింటికి.

కారును ఒకటి అనుకుంటే

రోడ్డు ఎంత వెడల్పుండాలి, ఎక్కడ ఫ్లైఓవర్ కట్టాలి అని తేల్చే ఇంజినీర్లకు ఒక కొలమానం ఉంది: ప్యాసింజర్ కార్ యూనిట్, పొట్టిగా పీసీయూ. సామాన్యులం ఎన్నడూ వినని మాట, కానీ మన వీధి ఆకారాన్ని నిర్ణయించేది అదే. ఒక కారు ఒకటి అనుకుంటారు. మిగతా వాహనాలన్నిటినీ దానితో పోల్చి విలువ కడతారు. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ నగరాల రోడ్ల కోసం 1990లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం సైకిల్ 0.4 నుంచి 0.5. మోటారు సైకిల్ 0.5 నుంచి 0.75. సైకిల్ రిక్షా 1.5 నుంచి 2. బస్సు 2.2 నుంచి 3.7.

ఒక్క నిమిషం ఆ అంకెల దగ్గర ఆగండి. ఇది మోసుకెళ్లే మనుషుల లెక్క కాదు, రోడ్డుకు ఎంత అడ్డమన్న లెక్క. అరవై మందితో కిక్కిరిసిన సిటీ బస్సు నాలుగు కార్లంత అడ్డం కూడా కాదని దీని అర్థం. ఆ నాలుగు కార్లలో మనుషులెందరు? ఉదయం హైటెక్ సిటీ వైపు పోయే కార్లలోకి తొంగి చూడండి, డ్రైవరు సీటు తప్ప మిగతావి ఖాళీ. అయినా సర్వే కాగితం మీద అరవై మందికీ ఆ నలుగురికీ తేడా కనిపించదు. సర్వే చేసినవాళ్లకు దురుద్దేశం అంటగట్టక్కర్లేదు. వాళ్లు చక్రాలను లెక్కపెట్టారు, వాళ్లను లెక్కపెట్టమన్నది వాటినే.

వాహనాలు కదలడం కన్నా మనుషులు కదలడం ముఖ్యమని 2006లో జాతీయ పట్టణ రవాణా విధానం రాసుకున్నాం. కాగితానికేం, బంగారంలా ఉంది.

సైకిల్ ట్రాక్ ఎక్కడ వెయ్యాలో చెప్పే పాత నిబంధన ఇంకా విచిత్రం. 1962 నాటిది. రద్దీ వేళ గంటకు నాలుగు వందల సైకిళ్లు పోతూ, మోటారు వాహనాలు నూరు నుంచి రెండు వందలున్న దారిలో విడిగా ట్రాక్ వెయ్యొచ్చు. మోటారు వాహనాలు రెండు వందలు దాటితే నూరు సైకిళ్లున్నా చాలు. ఆ రోజుల్లో అది ఉదారమైన నియమమే. ఇప్పుడు గచ్చిబౌలి కూడలిలో గంటకు పోయే వాహనాలు వేలల్లో ఉంటాయి. వాటి మధ్య నూరు సైకిళ్లు ఎక్కడి నుంచి వస్తాయి? తెగించినవాళ్లే మిగులుతారు, తెగించినవాళ్లు కొద్దిమందే ఉంటారు. ఆ కొద్దిమందిని చూపించి గిరాకీ లేదంటాం.

యూ టర్న్ దాకా పోయి రండి

అసలు బెడద ట్రాక్ లేకపోవడం కూడా కాదని చాలా రోజులుగా నాకనిపిస్తోంది. ఆగే చోటు లేకపోవడం.

2015 తర్వాత హైదరాబాద్‌లో రోడ్లకు సంబంధించి ఎక్కువగా వినిపించిన మాట ‘సిగ్నల్ ఫ్రీ’. రోడ్ల అభివృద్ధి పథకం ఎస్ఆర్‌డీపీ కింద మైండ్‌స్పేస్, బయోడైవర్సిటీ, షేక్‌పేట, ఎల్బీ నగర్, ఇంకా చాలాచోట్ల ఫ్లైఓవర్లు, అండర్‌పాస్‌లు వచ్చాయి. కట్టలేని చోట్ల కూడలి మూసేసి, ముందుకు పోయి తిరిగి రమ్మని యూ టర్న్‌లు పెట్టారు. ఎల్బీ నగర్ కూడలిలో సాయంత్రం ఏడింటికి అరగంట ఇరుక్కుపోయిన మనిషి ముందు ఫ్లైఓవర్‌ని తిడితే ఊరుకోడు, ఊరుకోకూడదు కూడా. అంబులెన్సుకు దారి దొరికింది, బస్సుకూ కొంత దొరికింది.

కానీ ఎర్రదీపం ఆపుతున్నది వాహనాన్ని మాత్రమే అనుకున్నాం. అది ఇంకో పని కూడా చేస్తుండేది. అరవై సెకన్లు మనిషిని రోడ్డు దాటనిచ్చేది. ముసలమ్మ, బడిపిల్ల, తోపుడు బండి, సైకిల్, అందరూ ఆ అరవై సెకన్లలోనే బతికారు. సిగ్నల్ తీసేసినప్పుడు బండికి ఆగే బాధ తప్పింది. దాటేవాడికి దాటే హక్కు పోయింది. ఈ రెండో సంగతి ఏ శిలాఫలకం మీదా రాయలేదు.

సైకిల్ మీద యూ టర్న్ అంటే ఏమిటో తొక్కితేనే తెలుస్తుంది. ఎదురుగా పాతిక గజాల్లో ఉన్న టీ కొట్టుకి పోవాలి. డివైడర్ మూసుంది. అర కిలోమీటరు ముందుకు పోయి, మళ్లీ అర కిలోమీటరు వెనక్కి రావాలి. బైకుకి రెండు నిమిషాల పని. సైకిల్‌కి అయిదారు, హైదరాబాద్ ఎత్తుపల్లాలు కలిపితే ఇంకాస్త. సరే, కాళ్లున్నాయి, తొక్కుదాం. యూ టర్న్ ఉండేది కుడి చివర. మీరుండేది ఎడమ చివర. మధ్యలో మూడు వరుసల్లో బండ్లు అరవైలో పోతుంటాయి, ఎందుకంటే సిగ్నల్ లేదని వాటికి తెలుసు. చెయ్యి చాపుతూ, వెనక్కి చూస్తూ, ఒక్కో వరుసే దాటుకుంటూ కుడికి జరగాలి. నేను ఒకసారి చేశాను. రెండోసారి దిగి నడిపించుకుంటూ పోయాను. మూడోసారి నార్సింగి సెక్యూరిటీ మనిషి చేసిందే చేశాను: రాంగ్ సైడులో అంచు పట్టుకుని పోయాను. ఆ రాంగ్ సైడు అతని క్రమశిక్షణ లోపం అనుకునేవాణ్ని. అది గీత గీసినవాడు చేసిన లెక్క తప్పుకి అతను వేసుకున్న దిద్దుబాటు.

పాదచారుల కోసం ఫుట్ ఓవర్ బ్రిడ్జిలు కట్టారు, కొన్నిటికి లిఫ్టులూ పెట్టారు. ఏసీలో కూర్చున్నవాడు కాలు బ్రేకు మీద పెట్టనక్కర్లేకుండా, నడిచేవాడు రెండంతస్తులు ఎక్కి దిగాలన్నమాట. సైకిల్‌ని ఎత్తుకుని ఎక్కేదెవరు?

వేగం ఎంత ప్రమాదమో ఈ నగరానికి ఎవరూ కొత్తగా చెప్పక్కర్లేదు. బయోడైవర్సిటీ ఫ్లైఓవర్ 2019 నవంబరు మొదటివారంలో మొదలైంది. అదే నెలలో, మూడు వారాలు తిరక్కుండానే, వేగంగా వచ్చిన కారొకటి పైనుంచి కిందికి పడింది. కింద రోడ్డు పక్కన నిలబడ్డ మహిళ చనిపోయింది. ఆమె ఆ ఫ్లైఓవర్ ఎక్కనే లేదు. 2022లో దేశంలో రోడ్ల మీద పోయిన ప్రాణాలు 1,68,491. వాళ్లలో నడిచి వెళ్తున్నవాళ్లు 32 వేల పైచిలుకు, సైకిల్ మీద వెళ్తున్నవాళ్లు 4,800 పైచిలుకు. కార్లున్నవాళ్లకు ప్రాణభయం లేదనను. తేడా ఏమిటంటే, నడిచేవాడూ సైకిల్ తొక్కేవాడూ ఇంకొకరి ప్రాణం తీయడం దాదాపు అసాధ్యం.

వద్దనేవాళ్ల మాట

ఈ చర్చ ఎక్కడ మొదలైనా మూడో వాక్యానికల్లా ఆమ్‌స్టర్‌డామ్ వచ్చేస్తుంది. నాకు విసుగు. అక్కడ సైకిల్ నడిచేది వాళ్ల రక్తంలో ఉండి కాదని ఒక్క ముక్క చెప్పి వదిలేస్తాను. 1971లో ఆ చిన్న దేశంలో మూడు వేల మందికి పైగా రోడ్ల మీద చనిపోయారు, వాళ్లలో పిల్లలే నాలుగు వందల పైన. తల్లిదండ్రులు వీధుల్లోకొచ్చారు. మనం దగ్గరివే చూద్దాం.

ఢిల్లీలో 2008లో అంబేడ్కర్ నగర్ నుంచి మూల్‌చంద్ దాకా 5.8 కిలోమీటర్లు బీఆర్‌టీ (బస్ ర్యాపిడ్ ట్రాన్సిట్) పేరుతో రోడ్డుని విడగొట్టారు. నడుమ బస్సులకు, ఆ పక్క కార్లకు, అంచున సైకిళ్లకు, నడిచేవాళ్లకు. కార్లవాళ్లు గగ్గోలు పెట్టారు. బస్సు లేను ఖాళీగా కనిపించేది, తమ లేను నిండుగా. ఖాళీగా కనిపించడానికి కారణం బస్సులు ఆగకుండా పోవడమేనని ఎవరికీ చెప్పలేకపోయారు. కేసు హైకోర్టుకెళ్లింది. బస్సుల లేను కార్లకు తెరవాలన్న వాదనను 2012 అక్టోబరులో కోర్టు కొట్టేసింది. కోర్టులో గెలిచింది రోడ్డు మీద ఓడింది: 2016లో దాన్ని పగలగొట్టారు. తెలుగువాళ్లకూ ఈ కథ తెలియనిదేం కాదు. విజయవాడ సత్యనారాయణపురంలో ‘బీఆర్‌టీఎస్ రోడ్డు’ అంటే ఆటోవాలాకు ఠక్కున తెలుస్తుంది. ఆ అక్షరాల్లో బీ అంటే బస్సు అని గుర్తున్నవాళ్లెందరు?

వద్దనేవాళ్ల మాటల్లో పస ఉన్నవీ ఉన్నాయి. ఎండ సంగతి అబద్ధం కాదు. ఏప్రిల్‌లో పదింటికి సైకిల్ తొక్కి ఆఫీసుకు పోయి ఏసీ గదిలో మీటింగ్‌లో కూర్చోమంటే ఎవరు కూర్చుంటారు? కానీ అదే ఎండలో మేస్త్రీ తొక్కుతున్నాడు. చెట్టుంటే ఇద్దరూ తొక్కుతారు. రోడ్డు వెడల్పు కోసం మొదట పోయేది ఆ చెట్టే. కేబీఆర్ పార్కు చుట్టూ ఫ్లైఓవర్లంటే 2016లో జనం చెట్ల కోసం రోడ్డెక్కిందీ, ఇన్నేళ్ల తర్వాత అదే ప్రతిపాదన మరో పేరుతో తిరిగి రావడమూ ఈ ఊరు చూసింది.

దుకాణదారుల భయమూ నిజమే: ముందు బండి ఆపుకునే చోటు పోతే గిరాకీ పోతుందని. చెన్నైలో పాండీ బజార్ వ్యాపారులూ ఇలాగే భయపడ్డారు. అక్కడ 2019లో కార్ల దారి కుదించి నడిచేవాళ్లకు వెడల్పు పెంచారు. ఇప్పుడు సాయంత్రం పూట ఆ వీధిలో సందు దొరకదు. చెన్నై కార్పొరేషన్ 2014లోనే నడకకూ సైకిల్‌కూ ఒక విధానం రాసుకుని, రవాణా బడ్జెట్‌లో కనీసం 60 శాతం వాటికే అంది. అంతా అమలైందని కాదు, రాసుకోవడమైనా రాసుకుంది.

అన్నిటికన్నా గట్టి వాదన ఇంకోటి. నా వీధి చివర పంక్చర్లు వేసే పెద్దాయన అన్నాడు. నెరిసిన గడ్డం, నూనె మరకల లుంగీ, ముప్పై ఏళ్లుగా అదే వేపచెట్టు.

“సైకిల్ రోడ్డేసినా మా పోరడు సైకిల్ ఎక్కడు సార్. నేను జన్మంత తొక్కిన. వాడు కిస్తుల మీద బండి తీసుకున్నడు. మళ్ల సైకిలెక్కమంటే వాని ఇజ్జత్ పోదా?”

నేను జవాబు చెప్పలేకపోయాను. సైకిల్ దిగడమే కొన్ని కుటుంబాలకు ఎదగడం. కార్లోంచి దిగి సైకిలెక్కేవాడికి మెచ్చుకోళ్లు, సైకిల్ మీంచి ఎప్పుడూ దిగలేనివాడికి జాలి. తెలంగాణలో నమోదైన ప్రతి నాలుగు వాహనాల్లో దాదాపు మూడు ద్విచక్ర వాహనాలే. వాటి మీద తిరిగేవాళ్లలో చాలామంది బస్సు రాక, వచ్చినా ఎక్కే సందు లేక, అప్పు చేసి బండి కొన్నవాళ్లు. 2023 డిసెంబరు నుంచి ఆడవాళ్లకు బస్సు ఉచితమయ్యాక బస్సులు ఎలా నిండుతున్నాయో చూస్తే, ఇన్నాళ్లూ ఎంతమంది టికెట్టు లెక్క చూసుకుని నడిచారో తెలుస్తుంది. మెట్రో గరిష్ఠ చార్జీ 2025 మేలో 60 నుంచి 75కి పెరిగి, గోల తర్వాత 69 దగ్గర ఆగింది. ఆ డబ్బుతో పెట్రోలు పోస్తే బైకు ఇంకా చాలాదూరం పోతుంది.

అందుకే వరుస పెట్టమని నన్నడిగితే సైకిల్ దారి మొదటిది కాదు. నడిచేందుకు ఫుట్‌పాత్, దాటేందుకు చోటు, ఆ తర్వాత బస్సు. సైకిల్ నాలుగోది. సైకిల్ ప్రేమికులైన మిత్రులకు ఇది నచ్చదు. కానీ మొదటి మూడూ సరిగ్గా చేస్తే సైకిల్‌కు సగం దారి అదే పడుతుంది. కూడలిలో బండి వేగం ముప్పైకి తగ్గితే, ఎడమ మలుపు దగ్గర ఆగితే, సైకిల్‌కి విడిగా రంగు గీత అక్కర్లేదు. ఆ గీత మీద ఎలాగూ సాయంత్రానికల్లా ఆటోలు నిలబడతాయి.

మెట్రో స్టేషన్ల దగ్గర అద్దె సైకిళ్లు పెట్టి చూశారు. స్టేషన్ మెట్ల దగ్గరికి సైకిల్ వచ్చింది, మెట్ల ముందున్న రోడ్డు మాత్రం అదే. కొత్తగా ఇంకో రకం తొక్కుడు మొదలైంది: లైసెన్సు అక్కర్లేని, గంటకు పాతిక కిలోమీటర్లు దాటని ఎలక్ట్రిక్ బండ్లు. వీపున పెద్ద సంచీతో భోజనాలు చేరవేసే కుర్రాళ్లు వాటి మీద తిరుగుతున్నారు. బైకుల్లో కలిసే వేగం లేదు, ఫుట్‌పాత్ ఎక్కే వీల్లేదు. వాళ్లూ అంచునే పోతున్నారు, ఎక్కువసార్లు ఎదురుగానే.

మా ఇంటికి దగ్గర్లో ఆరు వరుసల రోడ్డుకి నడుమ ఛాతీ ఎత్తు ఇనుప కంచె ఉంది. అడ్డదిడ్డంగా దాటకుండా వేసింది. ఒకచోట రెండు ఊచలు వంచి, మనిషి పట్టేంత సందు చేసుకున్నారు. కొన్నాళ్లకు ఎవరో వచ్చి వెల్డింగ్ పెట్టి మూసేశారు. నెల తిరక్కుండా దానికి నాలుగడుగుల అవతల ఇంకో రెండు ఊచలు వంగాయి. మొన్న పొద్దున పాలకని పోతూ ఆగి చూశాను. కొత్త సందు దగ్గర ఇనుము అప్పుడే రంగు పోయి, చేతుల రాపిడికి గిన్నె అంచులా మెరుస్తోంది. బండ్ల మధ్య ఖాళీ కోసం ఒకతను కాచుకుని ఉన్నాడు. ఖాళీ దొరికింది. సైకిల్‌ని కంచె మీదుగా అవతలికి దించాడు, తను సందులోంచి పక్కకి దూరాడు. క్యారియర్ మీద డబ్బా జారితే సరిచేసుకుని, మిగతా మూడు వరుసలు దాటడానికి మళ్లీ నిలబడ్డాడు.